గునుగు పీకేసిన ఏడాది

మా పెరట్లో మొక్కలకు నల్లా నీళ్లు ఎన్నడూ దక్కలేదు. బియ్యం కడిగిన నీళ్లు మందారానికి, గిన్నెలు తోమిన నీళ్లు అరటికి, స్నానాల నీళ్లు తమంతట తాము కాలువ చేసుకుని కనకాంబరాల మడిలోకి. తులసికి మాత్రం చెంబుతో మంచినీళ్లు, అదీ నేను గుక్కెడు తాగక ముందే. ఇన్నేళ్లుగా నా పొద్దు ఇలాగే మొదలవుతోంది. నడుము పట్టేసిన రోజుల్లో బకెట్ సగమే నింపుకుని ఇంకోసారి తిరుగుతాను. నా నడుము సంగతి మొక్కలకు తెలియదు కదా. అయినా దేవుడి దయ, పోయడానికి నాకు చేతులున్నాయి, పోయించుకోవడానికి అవి ఉన్నాయి. అంతకంటే పెద్ద మాట ఆ వేళప్పుడు నాకు తోచదు.

నేను పుట్టింది సిరిసిల్లలో. మా నాయిన ఊళ్లో ఎవుసం సాగక పట్నం చేరి సాంచెల మీద పనికి కుదిరాడు. మరమగ్గాన్ని మా దగ్గర సాంచె అంటారు. మా గల్లీలో పొద్దుమాపూ సాంచెల చప్పుడే. ఆ చప్పుడు ఆగిన రోజున పెద్దవాళ్ల ముఖాలు వాడిపోయేవి, పని లేదని అర్థం. ఇంటి ముందు జానెడు జాగాలో అమ్మ నూనె డబ్బాలు పెట్టి తులసి, నందివర్ధనం, చంద్రకాంత పెంచేది. గాలిలో తేలే నూలు దుమ్ము ఆకుల మీద తెల్లగా పేరుకునేది. పూజకు దళం తెంపే ముందు తడిగుడ్డతో ఒక్కో ఆకూ తుడవడం నా పని. నన్ను బడికి పంపలేదు. అమ్మ బీడీలు చుట్టాలి, తమ్ముళ్లను నేను చూసుకోవాలి. పని లేని రోజుల్లో నాయినే బండ మీద సుద్దముక్కతో అక్షరాలు దిద్దించాడు. మొదట చదివింది గోడ మీది క్యాలెండర్, ఆ తరువాత అమ్మ స్తోత్రాల పుస్తకం. ఇప్పుడు ఈ నాలుగు మాటలు రాయగలుగుతున్నానంటే సాంచెలు ఆగిన ఆ రోజుల చలవే. ఇంట్లో అన్నం తక్కువైన రోజుల్లో నాకు చదువు ఎక్కువైంది. దాన్ని తలుచుకుని బాధపడాలో దండం పెట్టుకోవాలో తెలియక, దండమే పెట్టుకుంటూ వచ్చాను.

పెళ్లయి కోరుట్ల వచ్చాక చూస్తే ఇంటి వెనక ఇంత జాగా. నూలు దుమ్ము లేని ఆకుల్ని మొదటిసారి నా సొంతంగా చూసుకున్నది ఇక్కడే. అత్తగారు అప్పటికే ఒక మారేడు పెంచింది. మిగతాది రాళ్లూ పల్లేరు ముళ్లూ. నేను వచ్చిన ఏడాదికే మా ఆయన దుబాయి పోయాడు. ఆయన పోయిన దేశం వేరే, కానీ మా దగ్గర ఎడారి దేశం ఏదైనా దుబాయే. కొన్నేళ్లకోసారి వచ్చేవాడు, సెలవు చాలిందనిపించక ముందే పోయేవాడు. ఒకసారి వచ్చి పోయాక బిడ్డ పుట్టింది. ఇంకోసారి వచ్చేసరికి అత్తగారు లేదు.

అక్కడ ఆయనది తోటపని. ఇసుక మీద మట్టి పరిచి, పైపులతో చుక్కచుక్కగా నీళ్లు పెట్టి పెంచే పార్కుల్లో గడ్డి కోయడం, చెట్లను గుండ్రంగానో పలకలుగానో కత్తిరించడం. ఫోన్లో తిన్నావా పడుకున్నావా అయిపోయాక మాకు మాటలు మిగిలేవి కావు. అప్పుడు మొక్కలు ఆదుకున్నాయి. కాగితాల పువ్వు ఎక్కడ కత్తిరిస్తే గుత్తులుగా పూస్తుందో, బిళ్లగన్నేరు ఎంత ఎడంగా నాటాలో ఆయన అక్కడి నుంచి చెప్పేవాడు, నేను ఇక్కడ చేసేదాన్ని. మా గేటు పక్కన కాగితాల పువ్వు, గోడ వెంట క్రోటన్లు, మెట్ల మీద కుండీలు, అన్నీ ఆ ఫోన్ మాటల పెంపకమే. పక్కవాళ్లు పూలు చూసి మెచ్చుకుంటే నాకు మొగుడూ పెళ్లాల కబుర్లు బయట ఆరేసినట్టు సిగ్గేసేది.

గునుగూ తంగేడూ మాత్రం నా సొంత బుద్ధి. అవి లేకుండా బతుకమ్మ పేర్చడం కుదరదు. బంతి, చామంతి బజారులో దొరుకుతాయి, ఇవి దొరకవు. తంగేడు బీడు భూముల్లో పెరిగేది. మా దిక్కు బీళ్లన్నీ ప్లాట్లయ్యాయి. గునుగు పసుపు చేన్లలో, మక్క చేన్లలో వానకు దానంతట అదే లేచేది. తెల్లటి వెన్నులు, కొసన కాస్త గులాబీ చాయ. చూసే కంటికి పువ్వే గానీ రైతుకు అది కలుపు. మందు కొట్టడం మొదలయ్యాక చేన్లు శుభ్రపడ్డాయి, గునుగు పోయింది. ఒక ఏడు ఊరు దాటి చాలా దూరం నడిస్తే పిడికెడు దొరికింది. ఆ పిడికెడును నడుమ పెట్టి బతుకమ్మ పేర్చి, తాంబాలంలో రాలిన నల్లటి గింజల్ని కొంగున కట్టి తెచ్చి మా గోడవార చల్లాను. మరుసటి ఏడు మోకాలెత్తు లేచింది. తంగేడు అంత సులువుగా రాలేదు. దాని గింజ తోలు గట్టిది. గరుకు బండ మీద రుద్ది, వేడినీళ్లలో నానబెడితే గానీ కళ్లు తెరవలేదు. పైగా దానికి గారాబం పనికిరాదు. నీళ్లు ఎక్కువైతే ఆకు రాలుస్తుంది. ఎండలో వదిలేస్తే బంగారంలా పూస్తుంది.

మా పక్కింట్లో ఒక అవ్వ ఉంటుంది. ఆమె పెనిమిటి తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు, పోయి చాలా కాలమైంది. నేను తంగేడుకు దడి కడుతుంటే గోడ మీంచి చూసి, ఎవరైనా అడివిని తెచ్చి ఇంట్లో కట్టేసుకుంటారా, రేపు తుమ్మచెట్టుకు కూడా జోల పాడతావా అని నవ్వింది. నవ్వితే నవ్వింది, పువ్వులు వచ్చాక మొదట తెంపుకున్నదీ ఆమే. అడిగి తెచ్చుకున్న కొమ్మ నాటుకోదు, దొంగిలించి తెచ్చిందే బతుకుతుందని మా దిక్కు నమ్మకం. అందుకని అవ్వ మా పెరట్లోకి వచ్చి, నా ముందే నిలబడి కొమ్మ మీద చెయ్యేసేది. నేను అటు తిరిగి నిలబడాలి. ఆలస్యం చేస్తే కసురుకునేది.

"అటు సూడు పిల్లా. నువ్వు గిట్ల సూస్తుంటె నేను దొంగతనం ఎట్ల జెయ్యాలె?"

అట్లా మా పెరడు సగం వాళ్ల పెరడైంది. ఏం పోయింది, పంచుకుంటే తరిగేవి కావు గదా అవి.

ఒక ఏడు ఎండాకాలంలో ఆయన ఫోన్ ఆగిపోయింది. మొదట వారం, తరువాత నెల. ఆయన పని చేసే కంపెనీ మూతపడిందని, మనుషుల్ని పనివాళ్ల క్యాంపులోనే ఉంచేశారని ఎవరో చెప్పారు. ఇంకెవరో కాదన్నారు. బిడ్డ కాలేజీ నుంచి వచ్చి నా ముఖం చూసేది, నేను మొక్కల వైపు చూసేదాన్ని. ఒక సోమవారం మారేడు దళాలు పటం ముందు పెట్టి మా శివుడు రాజన్నకు మొక్కుకున్నాను. ఆయనను ఇంటికి చేర్చు, వేములవాడ వచ్చి కోడె కట్టి పోతానని. కోడెదూడను పట్టుకుని గుడి చుట్టూ తిప్పి, కట్టేసి, దండం పెట్టుకుని రావడం. మా ఇళ్లలో ఏ పెద్ద కోరికకైనా ఈ మొక్కే. సిరిసిల్లలో పుట్టినదాన్ని, రాజన్న నాకు మా వాడకట్టు పెద్దమనిషి లాంటివాడు. నెత్తి నోరు కొట్టుకోనక్కర లేదు, మెల్లగా చెప్పినా వింటాడు.

విన్నాడు. ఆషాఢంలో ఆయన వచ్చాడు. ఎప్పుడు వచ్చినా దుప్పట్లు, సబ్బులు, బిడ్డకు ఏదో ఒకటి తెచ్చే మనిషి, ఈసారి భుజానికి ఒక్క సంచి. అందులో రెండు జతల బట్టలు, తువ్వాలలో చుట్టిన కొమ్మలు కత్తిరించే కత్తెర. కాళ్లు కడుక్కోవడానికి నీళ్లిస్తే, ఎవరో తొందర పెడుతున్నట్టు గబగబా కడుక్కుని చెంబు నా చేతికిచ్చి పక్కకు జరిగాడు. వెనక ఎవరూ లేరు. అయినా జరిగాడు.

అవ్వ వచ్చి చూసి, ఆయన తల నిమిరి, వెళ్లేటప్పుడు నాతో అంది, "వచ్చిండు గద పిల్లా. ఇగ కోడె గట్టిరా. దేవునికి బాకి పెట్టద్దు."

నేను పోలేకపోయాను. ఎందుకో అవ్వకు చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆయన తెల్లవారక ముందే లేచి, బట్టలు వేసుకుని, గేటు దగ్గర నిలబడేవాడు, బస్సు కోసం చూస్తున్నట్టు. అన్నం పెడితే తల ఎత్తకుండా తిని, తన పళ్లెం తానే కడిగి బోర్లించేవాడు. మంచం వేస్తే వద్దని గోడవార చాప మీద ముడుచుకుని పడుకునేవాడు, పక్కన ఇంకో మనిషికి జాగా వదిలి. బిడ్డ ఏదైనా అడిగితే సార్‌కు చెప్పినట్టు చెప్పేవాడు. కొడిమ్యాలలో ఉండే ఒకాయన, అక్కడ ఈయనతో పాటు పని చేసి ఈయనతో పాటే తిరిగొచ్చినవాడు, ఫోన్ చేస్తే మాత్రం గొంతు పెగిలేది. మధ్యలో హిందీ, మధ్యలో అరబ్బీ ముక్కలు. కొత్త వీసాలు వస్తున్నాయట అని ఆయన, ఔనా అని ఈయన.

నేను మొక్కింది ఇంటికి చేర్చమని. మా ఇంటి చాప మీద పడుకున్న మనిషి ఇంకా ఆ క్యాంపులోనే ఉన్నాడు. రాజన్న ముందు నిలబడి వచ్చాడని చెబితే అబద్ధమవుతుంది. రాలేదని ఊరుకుంటే కళ్ల ముందు అన్నం తింటున్న మనిషిని కాదన్నట్టు, దేవుడిచ్చినదాన్ని తోసేసినట్టు. చెయ్యాల్సిన దండం చెయ్యలేక నేను పడిన అలసట ఆ బకెట్లు మోసినప్పుడు కూడా పడలేదు. ప్రతి సోమవారం దళాలు పెట్టి, ఇంకొన్నాళ్లు ఆగు స్వామీ అని అడిగేదాన్ని. ఇచ్చినవాడినే ఆగమనడం నా బతుకులో అదే మొదలు.

శ్రావణంలో ఒక పొద్దున లేచి చూస్తే ఆయన కాగితాల పువ్వు ముందు కూర్చుని ఉన్నాడు. కత్తెర చేతిలో ఉంది. ఎండు కొమ్మలు తీశాడు, పాత కొమ్మలు సగానికి కోశాడు, మొదట్లో పాదు చేశాడు. నేను ఫోన్లో విని చేసిన పనికీ ఆయన చేతికీ ఎంత తేడానో అప్పుడు తెలిసింది. కొద్ది రోజుల్లోనే అది ఆకు కనబడకుండా పూసింది. ఆ తరువాత క్రోటన్లు. దారం కట్టి, ఒక్క ఆకు అటూ ఇటూ పోకుండా కత్తిరించాడు. కుండీలన్నీ ఒక వరసలోకి వచ్చాయి. బిళ్లగన్నేరు వరసలో, కనకాంబరం వరసలో. అవ్వ చూసి ఇది ఇల్లా కలెక్టరాఫీసా అంది. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. మాట రాని మనిషికి చేతులైనా వచ్చాయి కదా. ఈ చేతుల వెంటే మెల్లగా మనిషీ వస్తాడనుకున్నాను.

భాద్రపదంలో బిడ్డ కాలేజీ పని మీద నేనూ అదీ జగిత్యాల పోయాం. పొద్దున పోయి సాయంత్రం బస్సులో వచ్చాం. పండుగ మొదటి రోజు, ఎంగిలిపూల బతుకమ్మకు ఇంకా కొద్ది రోజులే ఉంది. గోడవార గునుగు అప్పుడే వెన్నులు తీస్తోంది, తంగేడు కొసలన్నీ మొగ్గ మీద ఉన్నాయి. ఈ ఏడు పువ్వులకు పొలాల వెంట తిరగక్కర లేదని బస్సులో బిడ్డతో చెప్పుకుంటూ వచ్చాను.

ఇంటి మలుపు తిరిగేసరికి గోడ అవతల ఏదో వెలితిగా అనిపించింది. గేటు తీస్తే పెరడంతా అద్దంలా ఉంది. గోడవార మట్టి తవ్వి, చదును చేసి, నీళ్లు చల్లి ఉంది. గునుగు ఒక్కటి లేదు. వేళ్లతో సహా పీకిన మొక్కలు కుప్పగా గేటు పక్కన పడి ఉన్నాయి. తంగేడు గుండ్రంగా బంతిలా తయారైంది. దాని పువ్వు కొమ్మ కొసనే వస్తుంది. కొసలన్నీ కింద రాలి ఉన్నాయి.

ఆయన స్నానం చేసి, తల దువ్వుకుని, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ముఖంలో ఏదో వెలుగు. వచ్చిన తరువాత అలాంటి ముఖం నేను చూడలేదు.

"గడ్డి మస్తు లేసింది. అంత తీసేసిన. ఎట్లున్నది?"

వచ్చినప్పటి నుంచీ ఆయన నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది. బిడ్డ నోరు తెరవబోతే దాని చెయ్యి పట్టుకున్నాను.

"మంచిగున్నది," అన్నాను.

అక్కడితో పోయేదే. కానీ మా గొంతులు విని అవ్వ గోడ దగ్గరకు వచ్చింది. కుప్పను చూసింది, తంగేడును చూసింది. ఆమె అరవలేదు. అరిచినా బాగుండేది.

"గది గడ్డి గాదుర కొడుకా. గునుగు. బుగ్గారం తొవ్వల కెల్లి మీ అమ్మకు మోపులు గట్టి మోసుకచ్చినవు గద, నా కండ్లతోని జూసిన. యాది మర్సినవా?"

ఆయన మెల్లగా కుప్ప దగ్గరకు పోయి ఒక మొక్క తీసుకుని, లేత వెన్నును రెండు వేళ్ల మధ్య నలిపి చూశాడు. మా దిక్కు బతుకమ్మ పేర్చేది ఆడవాళ్లే గానీ పువ్వులు తెచ్చేది మగవాళ్లు. ఈయన చిన్నతనంలో గునుగు తేవడంలో ఈ వాడలో మొదటివాడని అత్తగారు నాతో ఎన్నిసార్లో చెప్పింది. ఆ వేళ్లకు ఇప్పుడు ఆ వెన్ను గుర్తుకొస్తోంది, నేను చూస్తూ ఉన్నాను. గుర్తుకు రాకపోయినా బాగుండేదేమో.

"అక్కడ వరసల లేంది ఏదన్న లేస్తె పీకాలె," అన్నాడు ఎవరితోనో చెబుతున్నట్టు. "చెయ్యి పోయింది. నేను సూడలే."

వేళ్లు బాగున్న మొక్కలు ఏరి నేను తడిమట్టిలో గుచ్చి చూశాను. మర్నాటికి తలలు వేలాడేశాయి.

ఆ తరువాత ఆయన మొక్కల జోలికి పోలేదు. కత్తెర తువ్వాలలో చుట్టి సంచిలో పెట్టి, సంచి మేకుకు తగిలించాడు. మళ్లీ తెల్లవారకుండా గేటు దగ్గర నిలబడటం మొదలైంది. కొడిమ్యాల ఫోన్లు ఎక్కువయ్యాయి. గునుగు పోయిందని కాదు నాకు. అది గింజ రాలితే మళ్లీ వస్తుంది. చేతుల వెంట సగం దాకా వచ్చిన మనిషి మళ్లీ వెనక్కి పోయాడు. అప్పుడు గట్టిగా ఏడ్చినా, తిట్టినా నయమయ్యేదేమో. నాకు తిట్టడం చేతకాదు, సణగడం దేవుడి ముందు సిగ్గు. పొద్దున లేచి నీళ్లు పోశాను. ఎవరూ లేని ఆ గోడవార మట్టికి కూడా అలవాటుకొద్దీ ఒక చెంబు పోసి, పోశాక నవ్వుకున్నాను.

ఎంగిలిపూల రోజున బజారు నుంచి బంతి తెచ్చి పేర్చాం. అవ్వ తన పెరట్లో ఉన్న పట్టుకుచ్చు పువ్వులు తెచ్చి ఇచ్చింది. ఎప్పుడో నా దగ్గర దొంగిలించిన మొక్కవే. ఇస్తూ ఆమె అటు తిరిగి నిలబడింది. నవ్వొచ్చింది గానీ నవ్వు పైకి రాలేదు.

పండుగ ఆఖరు రోజు, సద్దుల బతుకమ్మ పొద్దున లేచేసరికి చాప చుట్టి ఉంది. మేకుకు సంచి లేదు. గేటు దగ్గర ఆయన లేడు.

బిడ్డ ఫోన్ చేస్తే ఎత్తలేదు. కొడిమ్యాల పోయే మొదటి బస్సు ఎక్కాడని గల్లీ చివర చాయ్ హోటల్ ఆయన చెప్పాడు. ఇట్లా సంచి భుజాన వేసుకుని, ఇంట్లో చెబితే ఏడుస్తారని చెప్పకుండా పోయి, అక్కడ దిగాక ఫోన్ చేసిన మగవాళ్లు మా వాడలో ఉన్నారు. పండుగ పూట ఏడవకూడదు. ఇల్లు అలికి, సత్తుపిండి దంచి, తాంబాలం కడిగి, గుమ్మడాకులు పరిచి కూర్చున్నాను. బంతిపూలు ఒక్కో వరస పెడుతుంటే ప్రతి వరసకూ ఒకే మాట. నువ్వు తెచ్చావు స్వామీ, నేను వచ్చాడని ఒప్పుకోలేదు, అందుకే తీసుకుపోయావా. మళ్లీ నాకు నేనే చెంపలు వేసుకున్నాను. రాజన్న అట్లా లెక్కలు చూసే దేవుడు కాదు. అంతా తెలిసి కూడా ఒక వరస తప్పుగా పెట్టి మళ్లీ తీశాను.

మధ్యాహ్నం దాటాక గేటు చప్పుడైంది. ముందు సంచి కనిపించింది. దాని నోట్లోంచి తంగేడు పచ్చగా పొంగుతోంది. చంకలో తువ్వాల మూట. అది విప్పితే గునుగు, తెల్లగా, కొసన గులాబీ చాయతో. చొక్కా చేతులు ముళ్లకు చీరుకుపోయాయి, మోచేతి దాకా గీరుకున్న గీతలు.

నేను లేవలేదు. ఆయనే వచ్చి నా ముందు కింద కూర్చున్నాడు. అడగకుండానే చెప్పడం మొదలుపెట్టాడు, అదీ వచ్చినప్పటి నుంచీ మొదటిసారి. కొడిమ్యాల పోయి ఆ స్నేహితుడిని లేపాడట. ఇద్దరూ బండి మీద మొదట బుగ్గారం దిక్కు పోయారట, చిన్నప్పుడు కోసుకొచ్చిన చేన్ల దగ్గరకు. అక్కడంతా మక్క, మందు కొట్టిన నేల, గునుగు మాట ఎత్తితే చేనుగల్లాయన నవ్వాడట, గా కలుపు కోసం గింత దూరం వచ్చిండ్రా అని. తిరిగి కొడిమ్యాల గుట్టల కిందికి పోతే, ఏ మందూ చేరని ఒక ఒర్రె వాగు పక్కన దొరికిందట. ఆ స్నేహితుడికి కూడా గునుగు కోసి ఎన్నేళ్లయిందో. ఇద్దరూ తువ్వాల నిండేదాకా కోశారట.

అంతలో వాడలో ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. ఆయన లేచి పోలేదు. గునుగు వెన్నులన్నీ ఒక్క పొడవుకు రావాలని మూటలోంచి తీసి కొసలు సమం చేస్తూ కూర్చున్నాడు. కత్తెరతో కాదు, గోటితో. మగవాడు బతుకమ్మ ముందు కూర్చుని గునుగు సమం చేయడం మా గల్లీ ఎన్నడూ చూడలేదు.

"సూడున్రే," అంది అవ్వ, "దుబాయి సాబు ఆడోళ్ల పనికి కుదిరిండు."

"నీ దగ్గర్నే కుదిరిన అవ్వా," అన్నాడాయన తల ఎత్తకుండా. "తప్పు జేసినోన్ని, జీతం అడుగ. సద్ది మాత్రం పెట్టు."

అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. ఆ నవ్వు నాకు గుర్తుంది, పెళ్లయిన కొత్తలోది. అత్తగారు ఉన్నప్పుడు ఈ ఇంట్లో వినిపించినది. బంతిపూల వరసల మీద నేను గునుగు వరస పెట్టి, దాని మీద తంగేడు పెట్టి, పైన పసుపు గౌరమ్మను కూర్చోబెట్టాను. కళ్లు మసకగా ఉన్నాయి. ఆ మసకలోనే చెప్పుకున్నాను, స్వామీ, ఈ రోజు వచ్చాడు.

పండుగ వెళ్లిన సోమవారం వేములవాడ పోయాం. జనం చాలా ఉన్నారు. కోడె తాడు ఆయన పట్టుకున్నాడు, నేను పక్కన నడిచాను. ఆ కోడె మధ్యలో ఒకసారి మొరాయించి నిలబడితే ఆయన లాగలేదు, మెడ నిమిరి అదే కదిలేదాకా ఆగాడు. వెనకవాళ్లు గొణిగారు. ఆయన పక్కకు జరగలేదు. నాకు అది చాలు అనిపించింది. కట్టేసి, కళ్లు మూసుకుని దండం పెట్టుకుంటే అడగడానికి ఏమీ తోచలేదు. పంపినది చేరిందని చెప్పి వచ్చాను.

తిరుగు బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు. కొంత దూరం పోయాక నా దిక్కు చూడకుండా అన్నాడు.

"మల్ల పోవుడు తప్పేటట్టు లేదే. పువ్వులకు పోయిననాడే గా కొడిమ్యాలాయనతోని మాట్లాడిన. గదే తోటపని, వేరే కంపెనీ."

పువ్వులూ నిజం, వీసా మాటా నిజం. రెండూ ఒకే సంచిలో తెచ్చుకున్నాడన్నమాట. కోపం వస్తుందేమోనని నాలో నేను వెతుక్కున్నాను. అలసట తప్ప ఏమీ దొరకలేదు. ఇక్కడ ఉంటే ఏం పని ఉంది, బిడ్డ చదువు ఎట్లా, అన్నీ నాకూ తెలిసినవే. నేను రప్పించమని మొక్కుకున్నాను, ఉంచమని మొక్కుకోలేదు. అడిగినంతా ఇచ్చినవాడితో పేచీ ఏముంటుంది. ఒడిలో ఉన్న ప్రసాదం పొట్లం విప్పి ఆయన చేతిలో పెట్టాను.

"పో," అన్నాను. "పోయే ముంగట గా గోడ పొంటి గింజలు నువ్వే సల్లి పో."

చల్లాడు. తాంబాలంలో రాలినవి, మూటలో రాలినవి అన్నీ దాచిపెట్టాను. ఎండాకాలం చివర, బయలుదేరే ముందు రోజు, దారం కట్టకుండా, వరస పెట్టకుండా, పిడికిట్లోంచి వదిలాడు. గింజలు ఎటు పడ్డాయో ఆయనా చూడలేదు. తంగేడు అప్పటికే బంతి ఆకారం చెదిరి, తన ఇష్టమొచ్చిన వైపు కొమ్మలు వేసింది.

ఇప్పుడు వానలు పడుతున్నాయి. గోడవార పచ్చగా ఏవో మొలిచాయి. గునుగో, ఉత్త గడ్డో నాకూ తెలియడం లేదు, ఆకు చిన్నగా ఉన్నప్పుడు అన్నీ ఒక్కలాగే ఉంటాయి. నిన్న బిడ్డ ఫోన్ పట్టుకుని ఆయనకు చూపించింది. ఆయన వెనక ఎండ, ఆ ఎండలో పలకలుగా కత్తిరించిన మొక్కలు వరసలుగా కనిపిస్తున్నాయి. కళ్లు చిట్లించి చాలాసేపు చూశాడు.

"ఏది పీకకున్రి," అన్నాడు. "వెన్ను దీసినంక తెలుస్తది."

సరేనన్నాను. బియ్యం కడిగిన నీళ్లలో సగం ఈ మధ్య మందారానికి తగ్గించి అటు పోస్తున్నాను.